పాత చెనక్కాయల మిల్లును ఊరందరి చోటుగా మార్చడం ఎలా

అనంతపురం, గుంతకల్లు, తాడిపత్రి, కళ్యాణదుర్గం వంటి ఊళ్లలో రైల్వే స్టేషన్ దగ్గరో, ఊరి బయటికి పోయే రోడ్డు పక్కనో ఒకప్పటి చెనక్కాయల మిల్లులు, నూనె మిల్లులు, గోదాములు ఇంకా కొన్ని నిలబడి ఉన్నాయి. వేరుశనగ సాగు తగ్గింది, ఇళ్లలోకి ప్యాకెట్ నూనె వచ్చింది, యజమానుల పిల్లలు బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లిపోయారు. ఊరు మాత్రం పెరుగుతూ మిల్లును దాటిపోవడంతో, అప్పట్లో ఊరి చివర ఉన్న స్థలం ఇప్పుడు జనం మధ్యలోకి వచ్చింది. అటువంటి కట్టడాన్ని కూల్చి ప్లాట్లు వేయడం ఒక దారి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, పొదుపు సంఘాల మహిళలు, నాటకాల వాళ్లు, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు రోజూ వచ్చి కూర్చునే చోటుగా దాన్ని బాగుచేసుకోవడం మరో దారి. ఈ రెండో దారిని ఎంచుకోదలచిన యజమానుల కోసం, చుట్టుపక్కల వీధుల వాళ్ల కోసం, యువజన సంఘాల కోసం ఈ వివరాలు రాస్తున్నాను.

పనిలోకి దిగే ముందే ఒక విషయం గట్టిగా చెప్పాలి. పెద్ద హాలు, ముందు విశాలమైన ఆవరణ, బోరు, బండ్లు నిలిపే జాగా ఉన్న ఏ కట్టడమైనా మన ప్రాంతంలో చూస్తుండగానే కల్యాణ మండపంగా మారిపోతుంది. ముహూర్తాల కాలంలో వచ్చే అద్దె ముందు చదువుకునే పిల్లవాడి కుర్చీ నిలవదు. అందువల్ల ఏ వారం ఏ పూట ఎవరిదన్నది ముందే కాగితం మీద పెట్టుకుని, ఆ కాగితాన్ని బట్టి కట్టడాన్ని బాగుచేయాలి తప్ప, ముందు లక్షలు పోసి హాలు కట్టి ఆ తర్వాత జనం కోసం ఎదురుచూడకూడదు. కింద చెప్పే పనుల వరుస అంతా ఈ ఒక్క ఆలోచన మీదే ఆధారపడి ఉంది.

మొదటి పని: కాగితాలు

మూతపడిన మిల్లులకు చాలా సందర్భాల్లో ఒకే యజమాని ఉండడు. ఒకప్పటి భాగస్వామ్య సంస్థ పేరు మీదనో, పంచుకోని అన్నదమ్ముల పేర్ల మీదనో ఆస్తి ఉంటుంది. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించి, పాత లింకు దస్తావేజులన్నీ ఒక న్యాయవాది చేత చదివించండి. స్థలం సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో (22ఏ నిషేధిత జాబితా) ఉందో లేదో చూడండి. బ్యాంకు తనఖా, కరెంటు బకాయి, ఆస్తి పన్ను బకాయి, పాత కార్మికులకు ఇవ్వవలసిన మొత్తాలు ఏమైనా మిగిలి ఉన్నాయేమో అడిగి తెలుసుకోండి.

యజమాని మీరు కాకపోతే నోటిమాట మీద ఒక్క ఇటుక కూడా మార్చవద్దు. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించి తీరాలి. పదకొండు నెలల కాగితం ఇంటి అద్దెకు సరిపోవచ్చు గాని, పైకప్పు మార్చే వాళ్లకు అది ఏ రక్షణా ఇవ్వదు. నా అభిప్రాయంలో పదేళ్లకు తక్కువైన ఒప్పందం మీద పెద్ద మరమ్మతుకు దిగకపోవడమే మంచిది. మరమ్మతులు జరిగే కాలానికి అద్దె ఉండదనీ, మీరు పెట్టిన తలుపులు, వైరింగు, మరుగుదొడ్లు చివరికి ఎవరికి చెందుతాయో, మధ్యలో స్థలం అమ్ముడుపోతే ఏం జరుగుతుందో అందులో స్పష్టంగా రాయించండి. పరిశ్రమ కోసం కట్టినదాన్ని జనం గుమిగూడే చోటుగా వాడాలంటే వినియోగ మార్పిడికి నగరపాలక సంస్థ లేదా పురపాలక సంఘపు పట్టణ ప్రణాళిక విభాగం అనుమతి అవసరం. స్థలం అహుడా (అనంతపురం-హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలో ఉంటే అక్కడి మాస్టర్ ప్లానులో అది ఏ జోన్ కింద ఉందో కూడా చూసుకోవాలి.

రెండో పని: ఎవరు వస్తారో తెలుసుకోవడం

ప్రశ్నపత్రాలు పంచి అభిప్రాయాలు సేకరిస్తే అందరూ మంచిమాటలే రాస్తారు. అంతకంటే మిల్లు ఎదుట టీ కొట్టు దగ్గర, చౌకధరల దుకాణం వరుసలో, బడి వదిలే వేళ గేటు దగ్గర కొన్నాళ్లు కూర్చుని, ఎవరికి ఏ పూట చోటు కరువైందో గమనించండి. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ ఉన్నందువల్ల చదువు ముగిసి డీఎస్సీకో, గ్రూప్స్‌కో, కానిస్టేబుల్ పరీక్షకో సిద్ధమయ్యే యువత పెద్ద సంఖ్యలో అద్దె గదుల్లో ఉంటుంది. వాళ్లకు కావలసింది వెలుతురు, ఫ్యాను, నిశ్శబ్దం, ఉదయం ఆరు గంటలకే తెరిచే తలుపు. పొదుపు సంఘాల మహిళలకు మధ్యాహ్నం రెండు గంటలపాటు ఎవరి ఇంటి వరండా మీదా ఆధారపడకుండా కూర్చునే చోటు కావాలి. పౌరాణిక నాటకాల బృందాలకు హార్మోనియం పెట్టుకుని రాత్రి తొమ్మిదిన్నర దాకా సాధన చేసుకునే హాలు కావాలి. పేరున్న రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ 1880లో పుట్టింది మన తాడిపత్రిలోనే. ఆ నాటక సంస్కారం పల్లెల్లో ఇప్పటికీ బతికే ఉంది, చోటే తక్కువ.

ఇలా తెలుసుకున్న వాళ్లలో కనీసం మూడు బృందాలు వారానికి ఇన్ని పూటలు తప్పకుండా వస్తామని పేర్లతో రాసి ఇచ్చే దాకా తాపీమేస్త్రీని పిలవవద్దు. వాళ్లనే సభ్యులుగా చేర్చుకుని ఒక సొసైటీ పెట్టుకోవడం సులువైన పద్ధతి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద ఏడుగురు కలిస్తే దాన్ని నమోదు చేయించుకోవచ్చు. ఆ ఏడుగురిలో సగానికి తగ్గకుండా మహిళలు ఉండేలా చూడండి. ఆడవాళ్లు పగటిపూట నిశ్చింతగా వచ్చిపోయే చోటికి మిగతా వాళ్లందరూ వస్తారు, మగవాళ్ల అడ్డాగా మొదలైన చోటికి ఆడవాళ్లు రావడం మాత్రం చాలా కష్టం.

మూడో పని: కట్టడాన్ని తట్టి చూడడం

ఇక్కడ స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఫీజు ఇవ్వడానికి వెనుకాడవద్దు. అయితే ఆయన ఏం చూస్తున్నారో మీకూ తెలిసి ఉంటే సరైన ప్రశ్నలు వేయగలుగుతారు.

మిల్లు హాలు పైకప్పు సాధారణంగా టేకు దూలాల మీద మంగళూరు పెంకులతోనో, ఇనుప ట్రస్సుల (త్రికోణపు చట్రాల) మీద రేకులతోనో ఉంటుంది. కట్టె దూలం నడిమధ్యలో కాక, గోడలోకి దూరే చోట ముందు చెడిపోతుంది. గోడ తేమ అక్కడే చేరుతుంది, చెదలు అక్కడి నుంచే ఎక్కుతాయి. చిన్న సుత్తితో దూలాన్ని ఒక చివర నుంచి మరో చివరకు తడుతూ పోండి. గట్టి కట్టె టంగుమంటుంది, లోపల తిన్న కట్టె డొల్లగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవరు మొన గుచ్చి చూడండి, అది పెద్దగా నొక్కకుండానే అంగుళం లోపలికి దిగితే ఆ దూలాన్ని నమ్మకూడదు. దూలం మొత్తం మార్చవలసిన అవసరం ప్రతిసారీ ఉండదు. చెడిన చివరను కోసి, ఇనుప ఛానెల్‌తో అతుకు వేసి గోడ మీద కొత్త రాతి దిమ్మె పైన నిలపడం చాలా చోట్ల సరిపోతుంది.

కాంక్రీటు స్తంభాలు, శ్లాబు ఉన్న కట్టడాలకు మరో పరీక్ష ఉంది. ఇంటర్ రసాయనశాస్త్ర ప్రయోగశాలలో వాడే ఫినాఫ్తలీన్ ద్రావణాన్ని, అప్పుడే చెక్కిన కాంక్రీటు మీద చిలకరిస్తే, క్షారగుణం మిగిలి ఉన్న భాగం ముదురు గులాబీ రంగులోకి మారుతుంది, గాలిలోని బొగ్గుపులుసు వాయువు సోకి ఆ గుణం పోయిన భాగం రంగు మారకుండా ఉండిపోతుంది. రంగు మారని ఆ పొర లోపలి ఇనుప కడ్డీ దాకా చేరిందంటే, పైకి గోడ ఎంత నున్నగా కనిపించినా కడ్డీకి తుప్పు నుంచి రక్షణ పోయినట్టే. శ్లాబు అడుగున పెచ్చులూడి కడ్డీలు కనిపిస్తుంటే పరీక్ష కూడా అక్కరలేదు, ఆ భాగం కిందికి ఎవరినీ రానివ్వకుండా తాడు కట్టండి.

సిమెంటు రేకులలో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని పగలగొట్టవద్దు, డ్రిల్లు వేయవద్దు, పొడిగా ఉన్నప్పుడు బ్రష్షుతో రుద్దవద్దు. తీసేయాలనుకుంటే నీళ్లు చల్లి, బోల్టులు విప్పి, రేకును రేకుగానే దించి, మందమైన ప్లాస్టిక్ పట్టాలో చుట్టి పురపాలక సంఘాన్ని అడిగి తరలించాలి. అలాగే ట్రస్సుల మీద, వెంటిలేటర్ల అంచుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న చెనక్కాయ పొట్టు దుమ్ముకు సులువుగా నిప్పంటుకుంటుంది, అందులో బూజు కూడా ఉంటుంది. మాస్కులు కట్టుకుని దాన్ని పూర్తిగా శుభ్రం చేయకముందే వెల్డింగు మొదలుపెట్టడం చాలా ప్రమాదకరం. నూనె మిల్లయితే ఎక్స్‌పెల్లర్ (గింజలు నొక్కి నూనె తీసే యంత్రం) ఉన్న చోట గచ్చు నూనె పీల్చుకుని ఉంటుంది కాబట్టి దాని మీద సిమెంటు గాని రంగు గాని నిలవదు. వేడినీళ్లు, చాకలి సోడాతో పలుమార్లు కడిగి, పాలిష్ లేని గరుకు తాడిపత్రి బండలు పరవడం మేలు. హెక్సేన్ అనే రసాయనంతో నూనె తీసిన సాల్వెంటు ప్లాంటయితే మట్టి, బావి నీటి పరీక్ష జరిగేదాకా దాని జోలికి పోవద్దు.

నాలుగో పని: పైకప్పు, నీళ్లు, గోడలు

చేతిలో ఉన్న డబ్బు ముందు పైకప్పుకే పోవాలి. అనంతపురం జిల్లాలో ఎక్కువ వాన సెప్టెంబరులో పడుతుంది, కనుక కప్పు పని ఫిబ్రవరిలో మొదలై మే నాటికి ముగిసేలా చూసుకోండి. పగిలిన మంగళూరు పెంకులకు బదులు కొత్తవి వెతికే కంటే, కూలుస్తున్న పాత ఇళ్ల దగ్గర అదే కొలత పెంకులు కొనడం చౌక. శ్లాబు ఉన్న భాగానికి మరమ్మతు అయ్యాక నీళ్లు కట్టి రెండు రోజులు ఉంచి, అడుగున చెమ్మ దిగుతున్నదేమో చూడండి. తర్వాత పైన తెల్ల సున్నం రెండు పూతలు వేస్తే ఎండాకాలంలో లోపలి వేడి బాగా తగ్గుతుంది. మిల్లు కట్టిన వాళ్లు దుమ్ము పోవడానికి ఎత్తున పెట్టిన వెంటిలేటర్లను మూసివేసి ఏసీలు బిగించడం తెలివైన పని కాదు. నలభై డిగ్రీలు దాటే ఊళ్లో వేడిగాలి బయటికి పోయే దారి అదే, ఏసీ బిల్లు కట్టలేక మూతపడే అవకాశమే ఎక్కువ.

నీటి లెక్క కూడా ఇక్కడే వేసుకోండి. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మన దగ్గర, 500 చదరపు మీటర్ల మిల్లు కప్పు మీద పడినదానిలో 80 శాతం పట్టుకోగలిగినా 2 లక్షల 20 వేల లీటర్లు వస్తాయి. మొదటి వాన నీటిని బయటికి వదిలి, మిగతాదాన్ని వడపోత గుంట గుండా పాత బావిలోకో బోరు పక్కన ఇంకుడు గుంతలోకో మళ్లించండి.

గోడల విషయంలో జరిగే పొరపాటు ఒకటే. మట్టితోనో గానుగ సున్నంతోనో కట్టిన పాత రాతిగోడకు సిమెంటు పూత పూస్తారు. ఆ గోడ నేల నుంచి పీల్చిన తేమను ఇన్నాళ్లూ సున్నపు పూత గుండా బయటికి వదులుతూ వచ్చింది. సిమెంటు ఆ దారిని మూసేస్తుంది, తేమ లోపలే నిలిచి పైకి ఎగబాకుతుంది, నీటిలోని ఉప్పు గోడ మీద తెల్లగా పూసి, పూత పొరలు పొరలుగా ఊడిపోతుంది. కాబట్టి ఊడిన భాగం వరకు గీకి, మళ్లీ సున్నంతోనే పూయించండి. కాల్చిన సున్నపు రాయిని నీళ్ల గుంటలో కనీసం రెండు వారాలు నాననిచ్చి, జల్లెడపట్టిన ఇసుకతో కలిపి, మన పాత మేస్త్రీల పద్ధతిలో బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు చేర్చి వాడతారు. ఈ పని తెలిసిన ముసలి మేస్త్రీ దొరికితే ఆయన పక్కన ఇద్దరు కుర్రవాళ్లను తప్పకుండా పెట్టండి. అన్నిటినీ కొత్తగా మెరిపించాలన్న తపన అవసరం లేదు. కొచ్చిలో 1867లో మొదలైన ఆస్పిన్‌వాల్ వ్యాపార సంస్థ వాడిన పాత గోదాములు, కార్యాలయాలు 2012లో కొచ్చి ముజిరిస్ బినాలే అనే కళా ప్రదర్శనకు ముఖ్య వేదికయ్యాయి. పాత గోడలు పాతగా ఉండడం అక్కడ జనానికి అడ్డు కాలేదు.

ఐదో పని: దారులు, కరెంటు, మరుగుదొడ్లు

సరుకు నిలవచేసే చోటికి ఒక్క తలుపు చాలు, జనం కూర్చునే చోటికి చాలదు. హాలుకు ఎదురెదురు దిక్కుల్లో కనీసం రెండు వెడల్పైన తలుపులు, బయటికి తెరుచుకునేవి, ఉండాలి. మనిషికి ఒకటిన్నర చదరపు మీటరు చొప్పున లెక్క వేసుకుంటే 240 చదరపు మీటర్ల హాలులో 160 మంది కూర్చోవచ్చు. ఆ సంఖ్యను గుమ్మం మీద రాసి, దానికి కట్టుబడండి. అగ్నిమాపక శాఖ అధికారిని పని ముగిశాక కాక, నక్షా దశలోనే పిలిచి చూపిస్తే తర్వాత గోడలు పగలగొట్టే ఖర్చు తప్పుతుంది.

పాత వైరింగు మొత్తం తీసేయండి, అందులో దాచుకోదగింది ఏదీ ఉండదు. మిల్లు పేరున ఉన్న పరిశ్రమ కనెక్షన్‌ను విద్యుత్ పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్‌లో సరైన విభాగానికి మార్పించి, కొత్త ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టించండి.

లారీల ఎత్తుకు కట్టిన అరుగు మిల్లుకు అందం. అది ఇక వేదికగా పనికొస్తుంది. కాని చక్రాల కుర్చీలో వచ్చేవారికి, మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు అది గోడే. 12 పాళ్ల పొడవుకు 1 పాలు ఎత్తు చొప్పున వాలుదారి కట్టాలి. అంటే అరుగు 90 సెంటీమీటర్లుంటే దారి 10.8 మీటర్లు, మధ్యలో ఆగడానికి చదునైన చోటు, రెండు వైపులా పట్టుకునే కమ్మీ. మరుగుదొడ్లను వెనక చీకటి మూలకు తోయవద్దు. ఆడవాళ్లవి మగవాళ్లకంటే ఎక్కువ ఉండాలి, దారి పొడుగునా దీపం ఉండాలి, గుమ్మం నలుగురికి కనిపించే చోట ఉండాలి. ఎన్ని సభలు జరిగాయన్నదాని కంటే మరుగుదొడ్డిలో నీళ్లు వస్తున్నాయా లేదా అన్నదే ఆ చోటు పేరును నిలబెడుతుంది.

ఆరో పని: కల్లంతో మొదలుపెట్టడం

మిల్లుకున్న అసలు ఆస్తి హాలు కాదు, కాయలు ఆరబోసిన ముందరి కల్లం. అక్కడ ఏమీ కట్టవద్దు. బండలు సరిచేసి, అంచుల్లో వేప, కానుగ మొక్కలు నాటి, చెట్ల చుట్టూ కూర్చునే కట్టలు కట్టి, నాలుగు దీపాలు పెట్టండి. హాలు మరమ్మతు జరుగుతుండగానే, పని జరిగే భాగానికి గట్టి అడ్డు కట్టి, ఆదివారం ఉదయం రైతుల చేత చీనీకాయలు (బత్తాయిలు), కొర్రలు, కూరగాయలు అమ్మించండి, శనివారం సాయంత్రం కోలాటమో చెక్కభజనో పెట్టించండి. నిమ్మలకుంట నుంచి తోలుబొమ్మలాట కళాకారులను పిలిపించవచ్చు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మైకులకు పోలీసు అనుమతి తీసుకుని రాత్రి పది గంటలకు ఆపేయండి. హాలు తెరిచే నాటికి జనానికి గేటు అలవాటై ఉండాలి.

కాయలు ఒలిచిన యంత్రాన్ని తుక్కుకు అమ్మవద్దు. బెల్టులు తీసేసి, చుట్టూ కమ్మీ వేసి, ఉన్నచోటే ఉంచండి. గింజలు ఏరిన ఆడవాళ్లు, మూటలు మోసిన హమాలీలు చుట్టుపక్కల ఇంకా ఉంటారు. వాళ్ల మాటలు ఫోనులో రికార్డు చేసి, పేరు రాయడానికి ఒప్పుకున్నవారి పేర్లు యంత్రం పక్కన పలకం మీద రాయించండి.

ఏడో పని: వారపట్టిక, అద్దె, నడిపే మనుషులు

రోడ్డు వైపు గుమాస్తా గదులను రెండు మూడు దుకాణాలకు ఇస్తే కాపలాదారు జీతం, కరెంటు బిల్లు నెలనెలా గడుస్తాయి. ఒకటి తప్పకుండా తినుబండారాల కొట్టు కావాలి. పొదుపు సంఘానికే ఇచ్చి పొద్దున ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నం సంగటి, చెనక్కాయల ఊరిబిండి తక్కువ ధరకు పెట్టించండి. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2010లో ఒక ఇంటిలో మొదలైన లామకాన్ అనే సాంస్కృతిక వేదికకు జనం అలవాటు పడడంలో అక్కడి చౌకైన టీ, టిఫిన్లకు మంచి భాగమే ఉంది. ఏమీ కొనకపోయినా కూర్చోవచ్చునన్న బోర్డు కూడా పెట్టండి.

ఇక పెళ్లిళ్ల సంగతి. పూర్తిగా వద్దనడం ఆచరణలో సాధ్యం కాదు, ఆ ఆదాయం అవసరమే. నెలకు రెండు రోజులకు మించి ఇవ్వకూడదనీ, ఉదయం చదువు గది ఏ ముహూర్తానికీ మూయకూడదనీ, ఆదివారం సంత ఎవరికోసమూ రద్దు కాకూడదనీ సొసైటీ నిబంధనల్లోనే రాసి రిజిస్టర్ చేయించండి. అప్పుడు అధ్యక్షుడి బావమరిది వచ్చి అడిగినా, ఎమ్మెల్యే మనిషి వచ్చి అడిగినా, కాగితం చూపించి కాదనవచ్చు. చదువు గది వీలైనంత వరకు విడి తలుపు ఉన్న భాగంలో పెట్టాలని నేను చెప్పేది ఇందుకే.

రాజకీయ పార్టీలకు, కుల సంఘాలకు చోటు ఇవ్వాలా వద్దా అన్నది మన జిల్లాల్లో తేలికైన ప్రశ్న కాదు. అందరికీ ఒకటే అద్దె, ఒకటే సమయం, ముందు అడిగిన వారికి ముందు అన్న నియమం పెట్టుకుని, ఫ్లెక్సీలు ఎవరివైనా సరే గేటు లోపల కట్టనివ్వవద్దు. దాతల పేర్లు ఒకే పలకం మీద, ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి. జమాఖర్చులు ప్రతి నెలా ఐదో తేదీలోపు గోడ మీద అంటించండి. తాళాలు రెండు జతలుంచి, ఒక జత మహిళా సభ్యురాలి దగ్గర ఉండేలా చూడండి. కాపలాదారుగా మిల్లులో పనిచేసిన పాత హమాలీ ఎవరైనా ముందుకొస్తే ఆయనకే మొదటి అవకాశం ఇవ్వండి. కట్టడం ఎక్కడ కారుతుందో, ఏ తలుపు బిగుసుకుంటుందో ఆయనకు తెలిసినంత ఇంజనీరుకు కూడా తెలియదు.

ప్రతి మే నెలలో కప్పు ఎక్కించి పగిలిన పెంకులు మార్పించి, నీటి గొట్టాల్లో ఆకులు తీయించి, దూలాల చివరలు మళ్లీ తట్టి చూసి, ఆ వివరాలు తేదీతో ఒక రిజిస్టరులో రాయండి. దానికోసం నెలవారీ ఆదాయంలో కొంత భాగం విడి ఖాతాలో వేసి, మరే ఖర్చుకూ తాకకుండా ఉంచండి. అద్దె ఒప్పందం గడువు ముగియడానికి రెండేళ్ల ముందే ఆ రిజిస్టరు, జమాఖర్చులు తీసుకుని యజమాని కుటుంబంలోని వారసులందరితో పొడిగింపు గురించి మాట్లాడి, కొత్త కాగితాన్ని కూడా రిజిస్టర్ చేయించుకోండి.